పిల్లి పిల్లా, మా మూడు ప్రయాణాలూ



శెనక్కాయలు కళ్ళం నుండి ఇంటికి చేరే రోజులలో మన నంబులపూలకుంట వైపు ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్ళినా రెండు మాటలు వినబడతాయి. ఎకరాకు ఎన్ని మూటలయ్యాయి అన్నది ఒకటి, ఎలుకల బాధ రెండవది. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే ఈ నేలలో, నానా తంటాలు పడి పండించి విత్తనానికని దాచుకున్న కాయను రాత్రికి రాత్రి గోతం కొరికి పోసేస్తే రైతుకు కడుపు మండదా? ఆ బాధ మా ఇంటికీ వచ్చింది. కోతల పండుగకు సంఘస్తులు ప్రేమతో తెచ్చిన కాయలు, రాగులు, కందులు వెనుక గదిలో పెట్టాము. వారం తిరగకముందే మూటల కింద పొట్టు కుప్పలు కనబడ్డాయి.

మందు పెట్టమని కొందరు చెప్పారు. ఇంట్లో నాలుగవ తరగతి చదివే అమ్మాయి ఉంది, పక్కింట్లో కోళ్ళున్నాయి. మందు తిన్న ఎలుక ఎక్కడ పడి చస్తుందో, దాన్ని తిన్న కుక్కకో పిల్లికో ఏమవుతుందో ఎవరు చూడొచ్చారు? అందుకని పిల్లిని తెచ్చుకుందామని మా ఇంట్లో తీర్మానమైంది. అయితే మాది తిరిగే కుటుంబం. వారంలో రెండు రోజులు చుట్టుపక్కల ఊళ్ళలో కూటాలు. సెలవు దొరికితే పిల్లలను ఎక్కడికైనా తీసుకువెళ్ళడం మొదటి నుండి మాకు అలవాటు. సంక్రాంతి సెలవులకు సముద్రం చూపిస్తామని ముందే మాట ఇచ్చి ఉన్నాము. కొత్తగా వచ్చే పిల్లి పిల్లను పెట్టుకుని ఇవన్నీ ఎలా సాగుతాయి? ఈ సంగతి మాకు ఒక్కరికే కాదు, ఇంట్లో చిన్న ప్రాణిని సాకే ప్రతి కుటుంబానికీ వచ్చేదే గనుక ఈ నెల శీర్షికకు దీనినే తీసుకున్నాము.

పిల్లి దొరకడం కష్టం కాలేదు. కూటం జరిగే ఒక ఊరిలో విశ్వాసుల పశువుల కొట్టంలో సెప్టెంబరు చివరి వారంలో ఒక పిల్లి మూడు పిల్లలను ఈనింది. నెల నిండేసరికే, "కళ్ళు తెరిచి గంతులేస్తున్నాయి గదయ్యా, తీసుకుపోండి" అన్నారు ఆ ఇంటివారు. మేము ఒప్పుకోలేదు. పిల్లి పిల్ల నాలుగవ వారంలో తల్లిపాలతో పాటు మెత్తటి మేత రుచి చూడడం మొదలుపెడుతుందే కాని, తల్లి దగ్గర దాని చదువు అప్పటికి పూర్తి కాదు. గోళ్ళు ఎప్పుడు లోపలికి ముడుచుకోవాలో, ఆటలో కరుపు ఎంత మెల్లగా ఉండాలో తోబుట్టువులతో పెనుగులాడుతూ నేర్చుకుంటుంది. మలవిసర్జన మట్టిలో చేసి కప్పిపెట్టడం తల్లిని చూసి నేర్చుకుంటుంది. కనీసం 8 వారాలు తల్లి దగ్గర ఉండనివ్వాలి. నెలకే తెచ్చిన పిల్ల చెయ్యి కనబడితే కరుస్తుంది, పెద్దదైనా ఆ గుణం ఒక పట్టాన పోదు.

అంతవరకు అది మనిషిని ఎరగకుండా ఉండాలని కాదు. రెండవ వారం నుండి ఏడవ వారం వరకు మనిషి చేతి స్పర్శ తగిలిన పిల్ల జన్మంతా మనుషులతో మచ్చికగా ఉంటుంది. ఆ వారాలలో మనిషిని చూడనిది తర్వాత ఎంత పాలు పోసినా అటకెక్కి కూర్చుంటుంది. అందుకే బుధవారం కూటానికి వెళ్ళినప్పుడల్లా మా చిన్నమ్మాయి ఆ కొట్టంలో కాసేపు కూర్చుని, మూడింటిలో బూడిద రంగు దానిని ఒడిలో పెట్టుకునేది. తల్లిపిల్లి పక్కనే పడుకుని చూస్తుండేది. శెనగబుడ్డంత ఉందని దానికి బుడ్డి అని పేరు పెట్టింది.

నవంబరు చివరలో బుడ్డి గంపలో మా ఇంటికి వచ్చింది. గంపలో దాని తల్లి పడుకున్న పాత గోనెపట్టా ముక్క వేసి తెచ్చాము. ఆ వాసన దానికి పుట్టిల్లు. మూటలున్న వెనుక గదినే దానికి ఇచ్చాము. ఒక మూల మట్టి మూకుడులో నీళ్ళు, ఇంకొక మూకుడులో మేత, వాటికి దూరంగా ఎదుటి మూల పాత రేకు పళ్ళెంలో వంక ఇసుక. తినే చోటికి దగ్గరలో పిల్లి మలవిసర్జన చేయదు. ఇసుక పళ్ళెం మేత పక్కనే పెట్టి, గదంతా పాడుచేస్తోందని పిల్లిని కొట్టేవారిని చూశాము, అందులో దాని తప్పేమీ లేదు. ఒక అట్టపెట్టెను అడ్డంగా పడుకోబెట్టి దాగుకోవడానికి చోటు చేశాము. మొదటి రాత్రి ఆ పెట్టెలోనే ఉండి ఒకటే అరుపు. మా అమ్మాయి కూడా ఏడ్చింది.

పక్కింటి జేజి మరునాడు వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏందయ్యా ఇది! మనిషికి ఇచ్చినట్టు పిల్లికి గది ఇచ్చినారే. వదల్రి బయటికి, యాడికి పోతాదిలే, కూడు పెట్టినకాడికే వస్తాది" అంది. జేజి మాటలో సగం నిజముంది. పిల్లి తన చోటుకు తిరిగి వస్తుంది. కాని ఏది తన చోటో దానికి తెలియాలి గదా! పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు ఊరకే అనలేదు. చోటు నమ్మకం కుదరకపోతే పిల్లి మారుస్తూనే ఉంటుంది. కుక్క ముందు మనిషిని పట్టుకుంటుంది, మనిషి ఎక్కడుంటే అదే దాని ఇల్లు. పిల్లి ముందు చోటును పట్టుకుంటుంది, ఆ చోటులో కనబడే మనిషిని తర్వాత పట్టుకుంటుంది. మొదటి వారం ఒక గది, రెండవ వారం నుండి ఇల్లంతా, నెల దాటాక మన కళ్ళ ముందు వాకిలి. తొందరపడి మొదటిరోజే వాకిట వదిలితే వీధికుక్క మొరిగితే చాలు, ఏ దిక్కు కనబడితే ఆ దిక్కుకు పరుగెత్తి దారి తప్పుతుంది.

మేత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన ఇళ్ళలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. పిల్లి అంటే పాలు అనుకుంటాము. తల్లిపాలు మానిన పిల్లులలో చాలావాటికి ఆవుపాలు, గేదెపాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న పిల్లకు రెండు రోజుల విరేచనాలు చాలు ప్రాణం మీదికి రావడానికి. నీళ్ళు పెట్టండి. పెరుగన్నం, సంగటి ముద్ద పెడితే కడుపు నిండుతుంది గాని ఒంటికి పట్టదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. ఉడికించిన గుడ్డు, ఉప్పూ కారమూ లేకుండా ఉడికించి ఎముక తీసిన కోడిమాంసం, ముల్లు తీసిన చేప కొంచెమైనా దానికి కావాలి. ఆదివారం కోడి తెచ్చినప్పుడు కాలేయం, కందనకాయ తాళింపుకు ముందే విడిగా ఉడికించి తీస్తే రెండు పూటలకు సరిపోతుంది. కూర గిన్నె అడుగున మిగిలినది మాత్రం వేయవద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని చెరుపుతాయి. అన్నిటికంటె ముఖ్యం, ఒళ్ళు వేడిగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ మాత్రలో ముక్క విరిచి వేయడం. మనిషికి మేలు చేసే ఆ మాత్ర పిల్లిని చంపుతుంది, ముక్క చాలు.

రెండు వారాలు గడిచాక మొదటి ప్రయాణం చేశాము. పూటలో వెళ్ళి వచ్చేదే. మన మండలంలోనే గూటిబైలు దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమానుకు. దాదాపు 5 ఎకరాల మేర పరుచుకున్న ఈ చెట్టు 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. 1434లో తిమ్మమ్మ అనే ఆమె భర్త చితిలో సహగమనం చేసినప్పుడు పాతిన గుంజ చిగిర్చి ఇలా అయిందని స్థలకథ. ఆ కథ విన్నప్పుడల్లా ఆ తల్లి గురించి మా మనసు బరువెక్కుతుంది. చెట్టు మాత్రం చూడవలసిందే. ఎండలో నడిచి వెళ్ళి ఆ ఊడల మధ్య కూర్చుంటే, అసలు మొదలు ఏదో ఊడ ఏదో పిల్లలకు చిక్కు ప్రశ్న.

బుడ్డిని గంపలో పెట్టుకుని తీసుకువెళ్దామని మా అమ్మాయి పట్టుబట్టింది. "నాన్నా, అది చెట్టెక్కి ఆడుకుంటుంది" అంది. ఎక్కడం నిజమే. దిగడమే కష్టం. పిల్లి గోళ్ళు వెనక్కు వంగి ఉంటాయి, ఎక్కేటప్పుడు కొక్కేలలాగా పట్టు దొరుకుతుంది, తల కిందికి పెట్టి దిగబోతే ఆ పట్టు జారుతుంది. తోకతట్టున వెనక్కు దిగడం నేర్చుకునేదాకా చిన్న పిల్ల కొమ్మ మీద అరుస్తూ కూర్చోవలసిందే. అంత చెట్టులో దానిని ఎక్కడని వెదుకుతాము? ఇంట్లోనే ఉంచి వెళ్ళాము. నాలుగు గంటల తర్వాత తిరిగి వస్తే మూటల మీద పడుకుని నిద్రపోతోంది. మేము ఎంత దిగులు పడ్డామో అంత దిగులు అది పడలేదు.

క్రిస్మస్ దినాలలో పాస్టరు ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. కారల్స్ వారు, డప్పులు, నక్షత్రం కట్టే కుర్రవాళ్ళు, పిండివంటలకు వచ్చిన అక్కచెల్లెళ్ళు, వారి వెంట చిన్నపిల్లలు. బుడ్డికి అది నరకమే అయింది. మంచం కిందికి దూరింది. డిసెంబరు 20 రాత్రి, వచ్చిన పిల్లలకు చూపిద్దామని మా అమ్మాయి దానిని వెనక కాలు పట్టి లాగింది. బెదిరిన పిల్లి ముంజేతి మీద గీరింది. ఎర్రగా రెండు గీతలు తేలాయి, రక్తం కారలేదు.

అక్కడున్న పెద్దలు తలా ఒక వైద్యం చెప్పారు. పసుపు అద్దమని ఒకరు, సున్నం రాయమని ఒకరు, మిరపపొడి వేసి కట్టమని ఇంకొకరు. ఇవేవీ చేయకూడదు. మా శ్రీమతి అమ్మాయిని కుళాయి దగ్గర కూర్చోబెట్టి సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు గడియారం చూసి కడిగింది. రేబిస్ అనే వ్యాధిని మన ఊళ్ళలో పిచ్చికుక్క జబ్బు అంటారు గనుక కుక్కతోనే వస్తుందని భ్రమ. మన దేశంలో ఎక్కువగా కుక్కల వల్లనే వస్తుంది, కాని పిల్లి కాటు వల్ల, గీరుడు వల్ల కూడా రావచ్చు. లక్షణాలు బయటపడ్డాక దానికి మందు లేదు. బయటపడకముందు టీకా వేస్తే ప్రాణానికి అడ్డు పడుతుంది. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ మొదటిసారి ఈ టీకా వేయించినది జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి. మా అమ్మాయిదీ అదే వయసు. ఆనాడు ఆ పిల్లవాడి తల్లి అల్సాస్ నుండి పారిస్ దాకా కొడుకును వెంటబెట్టుకుని పోవలసి వచ్చింది. ఈనాడు మనకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ సూది ఉచితంగా వేస్తారు. దానికి కూడా బద్ధకించి ఆకుపసరు కట్టించేవారిని ఏమనాలి?

మరునాడు ఉదయమే ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. చర్మం పొరలో వేసే పద్ధతిలో సూదులు నాలుగు రోజులు: మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. 21, 24, 28 తేదీలు, ఆపైన జనవరి 18. తేదీలు క్యాలెండరులో చుట్టిపెట్టాము. రక్తం కారే గాయమైతే గాయం చుట్టూ ఇంకొక మందు కూడా ఎక్కించాలి, అది అన్నిచోట్లా ఉండకపోవచ్చు, ఆలస్యం చేయక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ రాత్రే ఇంకొక సలహా కూడా వచ్చింది. "దాన్ని గోతంలో ఏసి వంకవతల ఇడిసిరాండయ్యా, పీడ పోతాది" అని. మన ఊళ్ళలో ఇది మామూలు మాట. పిల్లి కోడిపిల్లను పట్టినా, పాలకుండ ఒలకబోసినా ఇదే శిక్ష. ఇక్కడ జాలి మాట కొంచెంసేపు పక్కన పెట్టండి. కరిచిన లేక గీరిన పిల్లిని, కుక్కను 10 రోజులు కళ్ళముందు ఉంచుకుని చూడాలని వైద్యులు చెబుతారు. గీరిననాడు దాని ఎంగిలిలో రేబిస్ ఉండి ఉంటే ఆ పది రోజులలో అది జబ్బుపడి చస్తుంది. పదిరోజులు తింటూ తిరుగుతూ ఆరోగ్యంగా ఉంటే ఆనాడు దానిలో ఆ వ్యాధి లేనట్టే. వదిలేస్తే ఈ సంగతి ఇక ఎప్పటికీ తెలియదు. బిడ్డకు ఏమవుతుందో అనే భయం నెలల తరబడి ఇంట్లో ఉంటుంది. పది రోజులు చూద్దామని సూదులు మాత్రం ఆపకూడదు, అవి వెంటనే మొదలు కావాలి. చివరి సూది అవసరమా కాదా అన్నది డాక్టరు చెప్పాలి గాని మనము కాదు. మాకు నాలుగూ వేయించమనే చెప్పారు.

ఇలా పదిరోజుల కాపలా నడుస్తుండగా రెండవ ప్రయాణం వచ్చింది. క్రిస్మస్ మరునాడు పిల్లలకు సెలవు, మాకు కొంచెం విశ్రాంతి. గాలివీడు మండలంలోని వెలిగల్లు జలాశయానికి వెళ్ళాము. సముద్రానికి ఇంత దూరాన ఉన్న మనకు, ఒడ్డు అని చెప్పుకోదగినది అదే. పాపాగ్ని నదికి అడ్డంగా కట్టిన ఈ ప్రాజెక్టులో నిండితే 4.64 టీఎంసీల నీరు నిలుస్తుంది. మన మండలంలో 2016లో ఎన్.టి.పి.సి. వారు 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం నడపడం మొదలుపెట్టినప్పటి నుండి ఈ వైపు వచ్చేవారందరూ ఆ నల్లని పలకలనే చూస్తారు. మా పెద్దవాడు దూరం నుండి చూసి, "నాన్నా, అదీ చెరువులాగే ఉంది" అన్నాడు. కనీళ్ళ ఒడ్డున కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్న సంతోషం వేరు.

దినమంతా అంటే ఉదయం ఆరింటి నుండి చీకటి పడేదాకా. జేజిని బతిమాలుకుని తాళంచెవి ఇచ్చి వెళ్ళాము. మధ్యాహ్నం మేత పెట్టడం, ఇసుక మార్చడం, అంతకంటె ముఖ్యంగా పిల్లి తింటోందా, నీళ్ళు తాగుతోందా, నడక తూలుతోందా, నోట చొంగ కారుతోందా అని చూడడం ఆమె పని. ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాము. సాయంత్రం మేము రాగానే జేజి లెక్క అప్పజెప్పింది: "తినింది. రెండుసార్లు ఏరిగింది. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆడింది, నేను ముట్టల్యా, అదే ముట్టింది." జేజి తాళంచెవి వెంటనే తిరిగి ఇవ్వలేదు. మేము అడగలేదు.

డిసెంబరు 30 గడిచింది. బుడ్డి బాగానే ఉంది. మూడు నెలలు నిండాయి గనుక పశువైద్యశాలకు తీసుకువెళ్ళి దానికి కూడా రేబిస్ టీకా వేయించాము. సంవత్సరం తర్వాత మళ్ళీ వేయించాలి. పిల్లులకు వచ్చే ఇతర అంటువ్యాధులకు వేరొక టీకా ఉంది, అది 8 వారాల వయసు నుండి వేయవచ్చు, పట్టణాలలో దొరుకుతుంది.

ఇక సముద్రం. జనవరి రెండవ వారంలో రాయచోటి, కడప, బద్వేలు మీదుగా నెల్లూరికి బయలుదేరాము. అక్కడ మా బంధువుల ఇంట్లో మూడు రాత్రులు. ఈసారి మా అమ్మాయి ఏడవలేదు, వాదించింది. దానికి వాళ్ళన్న తోడయ్యాడు. పిల్లులు సముద్రం మీద ప్రయాణం చేశాయని వాడు ఎక్కడో చదివాడు. చదివినది నిజమే. అపొస్తలుల కార్యములలో పౌలు, బర్నబా ఓడనెక్కి వెళ్ళిన కుప్ర ద్వీపం ఉంది గదా, అక్కడ ఒక మనిషి సమాధి పక్కనే, మూరెడు దూరంలో, ఎనిమిది నెలల పిల్లిని పాతిపెట్టిన గుంట దొరికింది. సుమారు 9,500 సంవత్సరాల కిందటిదని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ ద్వీపంలో సహజంగా పుట్టిన పిల్లులు లేవు, కాబట్టి ఎవరో పడవలో వెంట తెచ్చుకున్నారన్నమాట. మన బైబిలు అరువదియారు గ్రంథాలలో గొర్రె, గాడిద, కోడి, కుక్క కనబడతాయి గాని ఇంటి పిల్లి కనబడదు, యెషయాలో అడవిపిల్లులే ఉన్నాయి. పౌలు దిగేనాటికి మాత్రం ఆ రేవులో ఎలుకలకు కాపలాగా ఎన్ని పిల్లులు ఉండేవో!

మా పెద్దవాడికి మేము చెప్పిన జవాబు ఇది. ఆ పడవలో వెళ్ళినవారు విత్తనాలు, మేకలు అన్నీ కట్టుకుని కాపురం మార్చుకుని వెళ్ళారు. వారితో పాటు పిల్లి ఇల్లు కూడా కదిలింది. మనం మూడు రోజులకు వెళ్ళి వస్తున్నాము, దాని ఇల్లు ఇక్కడే ఉంది. పది గంటల బస్సు ప్రయాణం, హారన్ మోతలు, కొత్త ఇల్లు, అక్కడి వీధి పిల్లులు. అక్కడ గంప మూత జారి బయటపడితే నెల్లూరు వీధులలో అది నంబులపూలకుంట ఇంటిని వెదుకుతూ తిరుగుతుంది. వాదన ముగిసింది. తాళంచెవి ఎలాగూ జేజి దగ్గరే ఉంది. పిల్లి మేతను మూకుడు మార్చకుండా, చోటు మార్చకుండా, వేళ మార్చకుండా రెండు పూటలా పెట్టమని చెప్పి వెళ్ళాము. నాలుగు రోజులు దూరం వెళ్ళేవారు పిల్లిని బంధువుల ఇంటికి చేర్చడం కంటె, మనిషినే పిల్లి దగ్గరికి వచ్చిపోయేలా చేసుకోవడం మేలు.

మైపాడు నెల్లూరి నుండి 25 కిలోమీటర్లు ఉంటుంది. మా అమ్మాయి మొదట అలను చూసి వెనక్కు పరుగెత్తింది, గంట తర్వాత బయటికి రమ్మంటే రాలేదు. చెరువులో ఈత వచ్చుగదా అని మన పిల్లలను సముద్రంలో మోకాలు దాటి దిగనివ్వకండి. అల వెనక్కు పోయేటప్పుడు కాలికింది ఇసుకను లాగేసే తీరు చెరువులో ఉండదు. తెల్లవారి పడవలు ఒడ్డుకు చేరి వలలు దులిపే వేళకు అక్కడ నాలుగైదు పిల్లులు వచ్చి కూర్చున్నాయి. ఏ పడవ ఎవరిదో వాటికి తెలిసినట్టే ఉంది. ఒక్కొక్కటి ఒక్కొక్క వల దగ్గర, దొంగతనం లేదు, తొందర లేదు, వేసిన చిన్న చేపను నోట కరుచుకుని పక్కకు పోవడం. అమ్మాయి వాటినే చూస్తూ నిలబడి, "ఇవి సముద్రంలోకి పోవా?" అని అడిగింది. వల విప్పుతున్న ఆయన నవ్వి, "వాటికి ఒడ్డు చాలమ్మా" అన్నాడు.

రాత్రిపూట ఫోనులో జేజి గొంతు వినేదాకా ఆ పిల్ల నిద్రపోలేదు. రెండవనాడు, బుడ్డి మేత ముట్టలేదని జేజి చెప్పింది. మేమందరం నిశ్శబ్దమైపోయాము. ఒక పూట తినకపోతే చూడవచ్చు, ఒక దినమంతా చిన్న పిల్ల ఏమీ తినకపోతే వైద్యుని దగ్గరికి తీసుకుపోవలసిందే. తెల్లారి ఫోను వచ్చింది. జేజి రాత్రి తన చాప ఆ గదిలోనే వేసుకుని పడుకుందట. పక్కన మనిషి అలికిడి ఉంటే లేచి తినిందట. మంచిగా మాట్లాడుతూ పక్కనుంటే కొన్ని పిల్లులు అలాగే తింటాయి. కాని డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, పిల్లి ఎదురొస్తే రెండడుగులు వెనక్కు వేసి నిలబడి పోయే మనిషి, మూటల మధ్య చాప వేసుకుంటుందని మేము అనుకోలేదు.

ఇంటికి చేరాక బుడ్డి మా వైపు పరుగెత్తి రాలేదు. సంచులన్నీ ఒకటొకటిగా మూచూసింది. ఎండుచేపల మూట దగ్గర ఆగింది. అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది. వదిలి వెళ్ళినవారి ఒంటి మీద కొత్త ఊరి వాసనలు ఉంటాయి, పిల్లి ముక్కుతో గుర్తుపట్టే ప్రాణి, దానికి కొంచెం వ్యవధి ఇవ్వాలి. పొద్దుగూకే వేళకు తనంతట తానే ఒడిలోకి ఎక్కింది. అన్నట్టు ఎండుచేప పిల్లికి నేరుగా వేయకండి, ఉప్పు చాలా ఎక్కువ. నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి వేలెడు ముక్క ఎప్పుడైనా ఇవ్వవచ్చు. జనవరి 18న నాలుగవ సూది కూడా అయింది.

మరి ఎలుకల మాట ఏమిటని మీరు అడుగుతారు. నిజం చెప్పాలంటే బుడ్డి ఇంతవరకు ఒక్క ఎలుకను కూడా పట్టలేదు. బొద్దింకలను, ఒక బల్లిని పట్టింది. నాలుగు నెలల పిల్ల నుండి అంతకు మించి ఆశించకూడదు, పందికొక్కు ఎదురైతే దీనికే ప్రమాదం. మూటలను నేల మీద నుండి తీసి చెక్కబల్లల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చాము. కింద ఊడ్చడానికి వీలయింది, పొట్టు కుప్పలు తగ్గాయి. పిల్లి వాసన వల్ల తగ్గాయా, చెక్కబల్లల వల్ల తగ్గాయా అంటే మా శ్రీమతి చెక్కబల్లలు అంటుంది, అమ్మాయి బుడ్డి అంటుంది.

ఆరు నెలలు నిండకముందే బుడ్డికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని పశువైద్యునితో మాట్లాడాము. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, కట్టిన తొమ్మిది వారాలకు ఈనుతుంది. ఏడాదికి రెండు మూడు ఈతలైతే ఆ పిల్లలన్నిటికీ ఇళ్ళు ఎవరు చూస్తారు? చివరకు గోతమూ వంకే గతి అవుతుంది. బుడ్డి పుట్టిన కొట్టంలో తల్లిపిల్లి ఇప్పుడు మళ్ళీ నిండుగా తిరుగుతోంది. ఈ ఈత పాలు మానిన తర్వాత దానికి కూడా ఆపరేషన్ చేయించడానికి ఆ ఇంటివారు ఒప్పుకున్నారు, వాహనం ఏర్పాటు మేము చూస్తాము. పుట్టబోయే పిల్లలలో ఒకటి ఇప్పటికే మాట అయిపోయింది. ఎనిమిది వారాలు ఆగాలని చెబితే జేజి, "ఆగుతాలేయ్యా, గంప మాత్రం మీదే ఇయ్యాల" అంది. మిగిలినవి కావలసినవారు కూటానికి వచ్చినప్పుడు మాతో చెప్పండి.